పంపులో గాలి

నాకు వినబడదు కాబట్టి నాకు తెలియదట. నిన్న భోజనాల దగ్గర అల్లుడు మ్వెల్వా అన్న మాట అదీ, నేను దాన్ని చూడలేదు, మా బూపె చెప్తేనే తెలిసింది, ఎందుకంటే అతను నా ముందు తల వంచుకునే మాట్లాడతాడు, పిల్లనిచ్చిన మామ ముఖంలోకి చూడకూడదన్న మర్యాద అతనిది, ఆ మర్యాదని నేను తప్పుపట్టను, నేనూ మా మామగారి ముందు పదిహేనేళ్ళు నా మోకాళ్ళు చూసుకుంటూనే మాట్లాడాను, కానీ ఆయనకి చెవులు పనిచేసేవి, నావి గని తినేసింది, పెదవులు కనబడితేనే నాకు మాట, పెదవులు కనబడకపోతే మనిషి మూగవాడితో సమానం, అందుకని తొమ్మిదేళ్ళుగా నా అల్లుడు నాకొక నున్నటి నుదురు, అంతే. ఆ నుదురు ఏదో అంది. బూపె ఇటు తిరిగి, నోరు పెద్దది చేసి, "నాన్నా, కారు అమ్మేస్తున్నాం. రేపు పదకొండింటికి మెకానిక్ సింపాసా వచ్చి తీసుకెళ్తాడు," అంది. నన్నొకసారి చూడనివ్వండి అన్నాను. నుదురు మళ్ళీ ఏదో అంది. ఏమన్నాడు అని అడిగాను. "ఏం లేదు నాన్నా." ఏమన్నాడు? బూపె చేతిలోని ముద్దని గిన్నె అంచుకి రాస్తూ, "స్టీరింగు పంపు చేసే మోత ఆయనకి వినబడదు కదా, ఆయనేం చూస్తారు అంటున్నాడు," అంది. అని, కూర నా వైపు జరిపింది. కూర! ముప్పై ఒక్క ఏళ్ళు పంపులతో కాపురం చేసిన మనిషికి పంపు గురించి నోరు మూసుకోమని, వేరుశనగపొడి వేసిన గుమ్మడాకు కూర ఇంకాస్త వేసుకోమని.

ఇప్పుడు తొమ్మిదిన్నర. చర్చికి వెళ్ళారు, నడిచే వెళ్ళారు, కారు మోతకి జనం తిరిగి చూస్తున్నారని మ్వెల్వాకి నామోషీ. నేను మోకాలు నొప్పి అన్నాను, దేవుడు క్షమించాలి, మోకాలు నిజంగానే నొప్పి, కానీ ఆ నొప్పికి చర్చికి వెళ్ళలేకపోయేదేమీ లేదు. ప్రార్థన ముగిసి వాళ్ళొచ్చేసరికి పదకొండు, సింపాసా వచ్చేదీ పదకొండుకే. నా చేతిలో గంటన్నర ఉంది. బానెట్ ఎత్తి కర్ర పెట్టి నిలబెట్టాను. లోపల అంతా ఎర్రమట్టి, ఈ ఊళ్ళో వానల్లేని ఆగస్టులో ఏది తెరిచినా అదే. కారు జపాన్‌లో ఎవరో వాడి వదిలేసిన స్టేషన్ వ్యాగన్, ఓడెక్కి దార్ ఎస్ సలాం రేవులో దిగి మా గనుల ఊరి దాకా వచ్చింది, బూపె నాలుగేళ్ళు నర్సు జీతం కూడబెట్టి కొనుక్కుంది. దాంట్లో ఆమె రోజూ ఇరవై రెండు కిలోమీటర్లు అడవి దారిలో క్లినిక్కుకి వెళ్తుంది. ఆ క్లినిక్కులో పురుడు పోసే మనిషి ఆమె ఒక్కతే. కారు లేకపోతే ఆ దారిలో బస్సు లేదు, బొగ్గు బస్తాల లారీ మీద వెళ్ళాలి, లేదా ఆ ఉద్యోగం మానుకుని ఊళ్ళో ఆస్పత్రిలో ఖాళీ వచ్చేదాకా కూర్చోవాలి. ఇది మ్వెల్వాకి తెలియదా? తెలుసు. చెడ్డవాడు కాదు, బళ్ళో లెక్కలు చెప్తాడు, బూపెని ఒక్క మాట అనగా నేను చూడలేదు, కానీ ఎవడైనా చొక్కా జేబులో పెన్ను పెట్టుకుని కాగితం మీద రాసి ఇచ్చాడంటే అది వేదం అనుకుంటాడు. సింపాసా కాగితం మీద రాసి ఇచ్చాడు. పంపు పోయింది. చక్రాలని తిప్పే స్టీరింగు ర్యాకు కూడా పోయింది. రెండూ దార్ నుంచి రావాలి, మూడు వారాలు. అయ్యే ఖర్చు కారు విలువకన్నా ఎక్కువ. అయినా బూపె మంచి మనిషి కనుక, ఆమె కష్టం చూడలేక, విడిభాగాల కోసం తానే కొనుక్కుంటాడట. జాలి! చావు కబురు చెప్పినవాడే శవాన్ని కొంటానంటే దానికి జాలి అని పేరు.

గురువారం సంగతి నాకు ఎవరూ చెప్పలేదు. నేనే చూశాను, వంటింటి కిటికీలోంచి, పెరట్లో బూపె తన స్నేహితురాలికి చెప్తుంటే. చెవులు పోయినవాడికి ఒక లాభం ఉంది, ముఖం కనబడితే చాలు, ఎంత దూరం నుంచైనా మాట దొంగిలించవచ్చు. కాన్పు అడ్డం తిరిగిన మనిషిని వెనక సీట్లో పడుకోబెట్టుకుని పెద్దాస్పత్రికి తెస్తోందట. బొగ్గు అమ్మేవాళ్ళ మలుపు దగ్గర స్టీరింగు బిగుసుకుపోయిందట, రాయిలా అంది, రెండు పిడికిళ్ళు బిగించి చూపించింది, ఎదురుగా ఖనిజం లారీ. ఎలా తిప్పిందో తనకే తెలియదట, పక్క చక్రం కాలవ అంచుకి దిగిందట, లారీ వెళ్ళిపోయిందట, అక్కడే, ఆ సీట్లోనే, కాళ్ళ వైపు నుంచి బిడ్డని బయటికి తీసిందట. ఇద్దరూ బతికారు. ఇంటికొచ్చి నాకు చెప్పిందేమిటి? "ఈ రోజు కాస్త ఆలస్యమైంది నాన్నా." పెద్ద నోటితో, చక్కగా, చిన్నపిల్లవాడికి చెప్పినట్టు. నా కూతురు చావు అంచుదాకా వెళ్ళి వచ్చి నాకు ఆలస్యమైంది అని చెప్పింది. ఎందుకు చెప్పాలి మరి, నేనేం చేస్తాను, నేను పెరట్లో కుర్చీ. శుక్రవారం పెన్షను ఆఫీసు అని చెప్పి బస్టాండు పక్క కొట్టుకి నడిచి వెళ్ళి ఎర్ర ఆయిలు రెండు డబ్బాలు, రెండు క్లిప్పులు కొనుక్కొచ్చి మంచం కింద దాచాను. ఈ వయసులో నా ఇంట్లో నేను దొంగని.

ముందు బెల్టు. బొటనవేలితో నొక్కాను, వేలి మందం లోపలికి పోయి తిరిగి లేచింది, బిగువు సరిగ్గానే ఉంది, పగుళ్ళు లేవు, జూన్‌లో మార్చిందే, మార్చింది సింపాసాయే. బెల్టు అయితే కీచుమంటుంది, స్టీరింగు తిప్పినప్పుడు ఒక్కసారి అరిచి ఊరుకుంటుంది, ఇది అలా కాదని బూపె చెప్పిన దాన్నిబట్టే తెలుసు, ఇది మూలుగు, ఇంజను వేగంతో పెరిగే మూలుగు, పొద్దున చల్లగా ఉన్నప్పుడు ఇంకా ఎక్కువట. తర్వాత ఆయిలు. పంపుకి ఆయిలు అందించే డబ్బా మూత తిప్పి చూశాను. నా ప్రాణం లేచొచ్చింది. ఎర్రగా ఉండాల్సిన ఆయిలు పాలు కలిపినట్టు గులాబీ రంగులో ఉంది, పైన నురుగు, మొక్కజొన్న గంజి పులియబెట్టిన మున్‌కోయో కుండ మీద తేలే నురుగే, దానికి తోడు జిగురు, ఏదో చిక్కటి మందు పోశారు, మోత ఆపే మందు అని అమ్ముతారే అది. దగ్గొచ్చిన పిల్లకి సారా పట్టించినట్టు. కాస్త తెల్ల సాసరులో వేసి వేళ్ళ మధ్య రుద్దాను. నలక లేదు. ఎండకి తిప్పి చూశాను, మెరుపు లేదు. పంపు లోపల అరిగిపోతుంటే ఇనప రజను ఆయిల్లో వచ్చి తీరాలి, వేళ్ళకి తగిలి తీరాలి, ఇది ఏ గనిలోనైనా మొదటి నెల నేర్పే పాఠం. రజను లేదు, నురుగు ఉంది. అంటే పంపు అరగడం లేదు. గాలి మింగుతోంది. ఎక్కడో ఆయిలుతో పాటు గాలి పీల్చుకుని, ఊపిరాడక మూలుగుతోంది. కాగితం రాసిన ఆ మహానుభావుడు సాసరులో చుక్క వేసి చూశాడా? ఎందుకు చూస్తాడు!

ఎనిమిది వందల మీటర్ల కింద మాకొక పంపుల గది ఉండేది. తొమ్మిది పంపులు, ఒక్కొక్కటి ఈ కారంత. భూమిలోంచి ఊరే నీళ్ళని అవి పైకి తోడకపోతే కింద మూడు మట్టాల్లో ఉన్న మనుషులు మునిగిపోతారు, అదీ లెక్క, అంతకన్నా పెద్ద లెక్క నాకెప్పుడూ ఎవరూ ఇవ్వలేదు. ఆ గదిలో మాట్లాడుకోవడం ఉండదు, చేతులతోనే, నోరు తెరిచినా లాభం లేదు, పన్నెండు గంటలు ఆ మోతలో నిలబడి పైకి వచ్చాక పక్షులన్నీ చచ్చిపోయాయా అనిపించేది. చెవుల్లో పెట్టుకోవడానికి దూది ఇచ్చేవాళ్ళు. దూది! నేను పంపు రోగం చెవితో ఎప్పుడూ కనిపెట్టలేదు, కనిపెట్టడం కుదరదు అక్కడ, చెక్కపిడి స్క్రూడ్రైవరు మొనని పంపు మీద ఆనించి పిడిని దవడ ఎముకకి నొక్కిపెట్టేవాణ్ణి, బేరింగు పోతుంటే దవడలో లెక్కగా దెబ్బలు పడతాయి, టకటక, తప్పకుండా ఒకే చోట, గాలి పోతుంటే లెక్క ఉండదు, గులకరాళ్ళు చేటలో పోసి కదిపినట్టు పళ్ళు జివ్వుమంటాయి. పైనుంచి ఇంజనీర్లు ఫోన్ చేసి కాబాసోని అడగండి, కాబాసో దవడ ఏమంటోంది అనేవాళ్ళు. నా దవడకి అంత పేరు. ఆ పేరు ఏమైంది? గని చేతులు మారింది, కొత్తవాళ్ళు వచ్చారు, వచ్చినవాళ్ళు పాతవాళ్ళ చెవులు పరీక్ష చేయించారు. నష్టపరిహారం డాక్టరు కాగితం మీదకి వంగి, ముఖం నాకు కనబడకుండా, ఏవో ప్రశ్నలు అడిగాడట. నేను జవాబు చెప్పలేదట. సహకరించలేదు అని రాశాడు. పెళ్ళిళ్ళలో డప్పుల మోత వల్ల కూడా ఇలా జరగవచ్చు అని రాశాడు. డప్పులు! నేను నా జన్మలో ఎన్ని పెళ్ళిళ్ళకి వెళ్ళానో వాడికి ఎవరు చెప్పారు, పెళ్ళిళ్ళ రోజుల్లో నేను షిఫ్టులో ఉండేవాణ్ణి, నా సొంత చెల్లెలి పెళ్ళినాడు మూడో పంపు విప్పుకుని కూర్చున్నాను.

ఇంజను ఆన్ చేయాలి, స్క్రూడ్రైవరు పెట్టాలి, అదే సమయంలో ఎవరో స్టీరింగు తిప్పాలి. నాకు రెండు చేతులే. ఎలాగా అని నిలబడి ఉంటే కంచె అవతల రంగురంగుల బట్ట కదిలింది, చిలుఫ్యా వాళ్ళమ్మ. ఆమె చర్చి శనివారం చర్చి, ఆదివారం ఆమె అరటిపండు గారెలు వేసి అమ్ముకుంటుంది. ఆమె ఒక్కతే ఈ వీధిలో నాతో మామూలు నోటితో మాట్లాడుతుంది.

"ఏం బూపె వాళ్ళ నాన్నా, దేవుణ్ణి వదిలేసి ఇనుముకి మొక్కుతున్నావా?"

"ఇటు రా. స్టీరింగు తిప్పాలి."

"నాకు డ్రైవింగు రాదు."

"కారు కదలదు. కూర్చుని తిప్పడమే."

"మా ఆయన బతికున్నన్నాళ్ళూ నన్ను ముందు సీట్లోనే కూర్చోనివ్వలేదు," అని చేతులు తుడుచుకుంటూ వచ్చింది, కూర్చుంది, అద్దంలో ముఖం చూసుకుంది, తలగుడ్డ సర్దుకుంది. ఇంజను స్టార్ట్ చేసి వచ్చాను. పిడి దవడకి పెట్టాను. తిప్పు అని చెయ్యి ఊపాను. తిప్పింది. గులకరాళ్ళు. చేట నిండా గులకరాళ్ళు, పళ్ళలో, చిగుళ్ళలో, కంటి కిందదాకా. దెబ్బలు లేవు, ఒక్క దెబ్బ కూడా లేదు, బేరింగు పెళ్ళికూతురిలా ఉంది. పంపు బంగారం. ఎనిమిదేళ్ళయింది నా దవడకి ఎవరైనా ఏమైనా చెప్పి. కళ్ళలో నీళ్ళు తిరిగాయి, కోపంతోనే, వేరే ఏమీ కాదు.

"ఏమంటోంది?" అని అడిగాను, నేనే, ఆమెని.

"మేకకి కాన్పు కష్టమైనట్టు అరుస్తోంది. ఆపెయ్, గారెలు మాడిపోతాయి." ఆపాను. వెళ్ళింది.

ఆయిలు డబ్బా నుంచి పంపుకి పోయే గొట్టం రబ్బరుది, దాంట్లో ఒత్తిడి ఉండదు, పీల్పు ఉంటుంది, అందుకే అక్కడ సందు ఉంటే ఆయిలు బయటికి కారదు, గాలి లోపలికి పోతుంది, చూసేవాడికి కింద చుక్క కూడా కనబడదు. పై కొస చూశాను, క్లిప్పు బాగుంది. కింది కొస పంపు వెనక, కన్ను పోదు, చేయి మాత్రమే పోతుంది, పెద్ద చేయి అయితే అదీ పోదు. మోచేయి చర్మం గీరుకుపోయింది. వేళ్ళు గొట్టం పట్టుకుని కిందికి దిగాయి, దిగాయి, కొసకి చేరాయి, క్లిప్పు ఉండాల్సిన చోట క్లిప్పు లేదు. సన్నగా, గరుకుగా ఏదో తగిలింది. ఇంకోసారి తడిమాను. నమ్మలేదు. మూడోసారి తడిమాను. తీగ. కట్టుతీగ. కంచెకి కట్టే తీగ రెండు చుట్లు చుట్టి, కొసలు మెలితిప్పి వదిలేశారు, అది రబ్బరుని కోసుకుంటూ లోపలికి దిగిపోయింది, కోసిన చోట నా గోరు పట్టింది. జూన్‌లో బెల్టు మార్చడానికి పంపు కదిపి ఉంటారు, కదిపినప్పుడు గొట్టం ఊడదీసి ఉంటారు, క్లిప్పు ఎక్కడో పడిపోయి ఉంటుంది, వంగి వెతికే ఓపిక ఎవరికి ఉంది! జూలైలో మూలుగు మొదలైంది. జూలైలోనే. నా కూతురు మళ్ళీ వాడి దగ్గరికే వెళ్ళింది, నమ్మి వెళ్ళింది, బానెట్ ఎత్తి వాడు తన తీగ తానే చూసుకుని ఉంటాడు, చూసి, పెన్ను తీసి, పంపు పోయింది అని రాశాడు. లేదా చూడనే లేదేమో. చూసి రాయడం ఘోరమా, చూడకుండా రాయడం ఘోరమా? గురువారం ఆ మలుపులో లారీ ఇంకో అర నిమిషం ముందు వచ్చి ఉంటే? ముగ్గురు. అప్పుడే పుట్టబోయే బిడ్డతో కలిపి ముగ్గురు. జానెడు కట్టుతీగ. నేను బంపరు పట్టుకుని నిలబడ్డాను, నాకు తెలిసిన తిట్లన్నీ, గనిలో నేర్చుకున్నవి, నాలుగు భాషల్లోవి, గొంతెత్తి తిట్టాను, ఎంత గట్టిగా తిట్టానో నాకు తెలియదు కదా, కంచె మీదుగా చిలుఫ్యా వాళ్ళమ్మ అట్లకాడతో తొంగిచూసి, "ఆదివారం!" అంది.

పని. కోపానికి మందు పనే, కింద అదే నేర్చుకున్నాను. ముందు పాత ఆయిలు తీయాలి. దానికి పిచికారీ కావాలి, ఉంది, చెవులు కడుక్కోమని ఆస్పత్రి వాళ్ళిచ్చిన రబ్బరు పిచికారీ, నా చెవులకి అదొక్కటే వైద్యం చేసింది ఈ దేశం, గులాబీ నురుగంతా దాంతో పీల్చి బేసిన్లో పోశాను, ఆ పిచికారీ పుట్టాక ఇదే మొదటి మంచి పని. శ్రావణంతో తీగ కత్తిరించాను, కత్తిరించి జేబులో వేసుకున్నాను. గొట్టం లాగాను, మిగిలినది కారిపోయింది. కొస ఎండిన తోలులా ఉంది, తీగ కోసిన గాడి చుట్టూరా. గొట్టం కాస్త పొడుగే ఉంది, రెండు వేళ్ళంత కోసి పారేసినా అందుతుంది. వంటింటి కత్తితో కోశాను, బూపెకి చెప్పకూడదు. లోపల రబ్బరు మెత్తగా, నల్లగా, బాగుంది. పంపు నోరు గుడ్డతో తుడిచి, గొట్టం కొసకి కొత్త ఆయిలు రాసి, తిప్పుతూ తోశాను, మోకాలు గుచ్చుతోంది, నడుము ఇంజను మీదకి వంగి ఉంది, కళ్ళు మూసుకునే క్లిప్పు ఎక్కించాను, ఎందుకంటే చూడటానికి ఏమీ లేదు అక్కడ, కళ్ళు తెరిస్తే వేళ్ళకి అడ్డం. మర బిగించాను, సగం చుట్టు, ఇంకో పావు, చాలు, ఇంకా బిగిస్తే అదీ కోస్తుంది. పైన రెండో క్లిప్పు కూడా మార్చేశాను. ఎవడి పనినీ నమ్మను ఇక.

జాకీ పెట్టి ముందు చక్రాలు ఒక్కొక్కటే నేల విడిపించి చెక్క దిమ్మలు పెట్టాను. ఎర్ర ఆయిలు పోశాను. ఇంజను ఆపి ఉంచే స్టీరింగు ఆ చివరి నుంచి ఈ చివరికి, నెమ్మదిగా, ఇరవై సార్లు. ప్రతి అయిదు సార్లకీ దిగి చూడటం, ఆయిలు తగ్గడం, పోయడం. బుడగలు వస్తున్నాయి. పెద్దవి, తర్వాత చిన్నవి. ఈ గాలి ఎన్నాళ్ళు లోపల ఉందో, దాన్ని బయటికి పంపాలంటే తొందర పనికిరాదు, తొందరపడితే నురుగై మళ్ళీ కలిసిపోతుంది. చర్చిలో ఇప్పుడు చందాల పళ్ళెం తిరుగుతూ ఉంటుంది. మా ఆవిడ ఉన్నప్పుడు ఆ పాటల్లో ఆమె గొంతు ఒక్కటే నాకు విడిగా తెలిసేది, లావు గొంతు, అదే ఆఖరున పోయింది, సన్నటి గొంతులన్నీ ముందు పోయాయి, బూపెది ఆమె పన్నెండో ఏటే పోయింది, నా కూతురు పెద్దయ్యాక ఆమె గొంతు ఎలా ఉంటుందో నేను ఎరగను. దీనికి ఏ పట్టికలో ఏ అంకె వేస్తావురా డాక్టరూ? పద్దెనిమిది. పంతొమ్మిది. ఇరవై. బుడగలు లేవు.

ఇంజను స్టార్ట్ చేశాను, స్క్రూడ్రైవరు పెట్టాను. గులకరాళ్ళు. అలాగే ఉన్నాయి. తగ్గాయేమో గాని ఉన్నాయి. చిలుఫ్యా వాళ్ళమ్మని పిలిచాను, వచ్చింది, చెవి ఒగ్గింది, నా ముఖం చూసి అబద్ధం చెప్పబోయి మానేసింది. "మేక ఇంకా ఉంది," అంది. పది నలభై. అయితే సింపాసా రాసిందే నిజమా? పంపే పోయిందా? నా వేళ్ళు అబద్ధం చెప్పాయా, నా దవడ ముసలిదైపోయిందా, పెరట్లో కుర్చీకి ఎవరో అన్న నాలుగు పొగడ్తలు గుర్తొచ్చి లేచి ఎగిరిందా? ఆ అయిదు నిమిషాలు నేను ఆ డాక్టరుకన్నా, సింపాసాకన్నా నన్ను నేనే ఎక్కువ నీచంగా తిట్టుకున్నాను. తర్వాత ఆయిలు డబ్బాలోకి చూశాను. సన్నటి బుడగలు, గసగసాలంత, బారుగా పైకి వస్తున్నాయి, వచ్చి పగులుతున్నాయి. ర్యాకు లోపల మూలల్లో దాక్కున్న గాలి. ఇంజను ఆపాను. ఊరుకోనివ్వాలి. పంపుల గదిలో ఎన్నిసార్లు కుర్రాళ్ళకి ఇదే చెప్పాను, ఆపి కూర్చో, సిగరెట్ కాల్చుకో అని. చిలుఫ్యా వాళ్ళమ్మ కాగితంలో రెండు గారెలు పెట్టింది, తిన్నాను, వేడిగా ఉన్నాయి, నేను పొద్దున్నుంచీ ఏమీ తినలేదని అప్పుడు తెలిసింది. మళ్ళీ ఇరవై సార్లు. మళ్ళీ పోశాను. చక్రాలు దింపాను. స్టార్ట్. పిడి దవడకి. ఆమె తిప్పింది, ఆ చివరికి, ఈ చివరికి. నా పళ్ళలో ఏమీ లేదు. నున్నగా ఉంది, నూనె రాసిన చెక్క మీద అరచేయి జరిపినట్టు. ఆమె స్టీరింగు మీద ఒక్క వేలు పెట్టి తిప్పుతూ నోరు తెరిచి నవ్వింది.

గేటు దగ్గర దుమ్ము లేచింది. సింపాసా పికప్పు, వెనక లాగుడు తాడు చుట్ట. అతని వెనకే బూపె, మ్వెల్వా, చర్చి బట్టల్లో చెమటతో. "బాగున్నారా పెద్దాయనా!" అన్నాడు సింపాసా, దవడలు పూర్తిగా సాగదీసి, చంటివాడికి అన్నం తినిపిస్తున్నట్టు. నా చేతులకి నూనె చూసి బూపెతో నవ్వాడు. తాళం ఉంది కదా అని తానే ఎక్కి కూర్చున్నాడు. "ఆఖరిసారి వినండి సార్, మీకే జాలేస్తుంది," అని మ్వెల్వాతో అని, స్టార్ట్ చేసి, స్టీరింగు మొత్తం కుడికి తిప్పాడు. ఎడమకి. మళ్ళీ కుడికి, ఇంకాస్త గట్టిగా. నాకేమీ వినబడదు, నిజమే. నేను నా అల్లుడి నుదురు చూస్తున్నాను. అది నెమ్మదిగా పైకి లేచింది, దాని కింద కనుబొమలు, కళ్ళు, ముక్కు, తొమ్మిదేళ్ళలో మొదటిసారి ఆ ముఖం మొత్తం నా వైపు తిరిగింది. "మామగారూ, మీరేం చేశారు?" అంది. ముందు పళ్ళ మధ్య సందు ఉంది మ్వెల్వాకి. నాకు తెలియదు ఇన్నాళ్ళూ.

"పంపులో గాలి. తీసేశాను."

సింపాసా దిగాడు. "ఇది తాత్కాలికమండీ. పోయే ముందు పంపు ఇలాగే కాసేపు ఊరుకుంటుంది."

నేను జేబులోంచి తీగ తీసి అతని అరచేతిలో పెట్టాను. "ఇది గొట్టానికి చుట్టి ఉంది. జూన్‌లో పంపు విప్పింది నువ్వే. దీనివల్ల గురువారం నా కూతురు లారీ కిందకి పోవాల్సింది."

బూపె నన్ను చూసింది. గురువారం సంగతి నాకెలా తెలుసని ఆ చూపు. కారెక్కి, గేటు దాటి, మట్టిరోడ్డు చివరిదాకా వెళ్ళి, అక్కడ ఒక్క చేత్తో చుట్టు తిప్పి వెనక్కి తెచ్చి ఆపింది. ఇంజను ఆపి తాళం చేతిసంచిలో వేసుకుని జిప్పు లాగింది.

"అమ్మడం లేదు," అంది.

సింపాసా తీగ కింద పడేశాడు. మ్వెల్వా మోచేయి పట్టుకుని పక్కకి తీసుకెళ్ళి, నా వైపు ఒకసారి చూసి, అరచేయి నోటికి అడ్డం పెట్టుకుని మాట్లాడటం మొదలుపెట్టాడు. ఆ చేతి వెనక ఏముందో నాకు తెలుసు, ముసలాడికి ఏం తెలుసు, వినబడి చస్తుందా, రేపు దారిలో ఆగిపోతే నన్ననకండి, అన్నీ తెలుసు, ఆ చేయి వెనక ఉన్న మాటలే నా జీవితమంతా. బూపె నాలుగు అడుగులు వేసి వాళ్ళిద్దరి మధ్య నిలబడింది. ఆమె ముఖం నా వైపు లేదు, అయినా పక్కనుంచి పెదవులు కనబడ్డాయి, పెద్దవి చేయలేదు, మామూలుగానే అంది.

"చేయి తీసి మాట్లాడండి. మా నాన్నకి కనబడాలి."

సింపాసా చేయి తీశాడు. పెదవులు రెండూ నాకు స్పష్టంగా కనబడ్డాయి. నేను వాటినే చూస్తూ నిలబడ్డాను, అందరం చూస్తూ నిలబడ్డాం, అవి కదల్లేదు.